గోధుమ పడని పిల్లకు కడుపు ఉబ్బి నొప్పి లేస్తే ఏం చేయాలి

రాత్రి పదకొండు దాటింది. మూడేండ్ల పిల్ల నిద్రలోంచి లేచి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని ఏడుస్తోంది. పొట్ట మీద వేలితో తడితే డప్పు మోగినట్టు మోగుతోంది. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈపాటికి వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా మూత తీస్తుంటుంది.

అక్కడ ఒక్క నిమిషం ఆపండి. ఆ డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవండి. మనం కొనే ఇంగువ చాలావరకు ఒట్టి ఇంగువ కాదు. అసలు ఇంగువ ఘాటుకు తట్టుకోలేం కాబట్టి దానికి జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి ఎక్కువసార్లు గోధుమ పిండో మైదానో అయి ఉంటుంది. పొడి ఇంగువైనా, ముద్ద ఇంగువైనా అంతే. మా ఇంట్లో ఈ సంగతి తెలిసేసరికి ఐదు నెలలు పట్టింది. చపాతీ బంద్ చేశాం, బిస్కెట్లు బంద్ చేశాం, ఉప్మా బంద్ చేశాం. పిల్లకు గ్యాస్ పట్టినప్పుడల్లా మాత్రం అత్తమ్మ మజ్జిగలో ఇంత ఇంగువ కలిపి పట్టేది. గ్లాసు అందించేది నేనే. చిటికెడు ఇంగువలో ఉండే గోధుమ తక్కువే. రోజు విడిచి రోజు చిటికెడైతే లెక్క వేరు.

అందుకే ఇలాంటి పిల్లల గ్యాస్ నొప్పికి రెండు పనులుంటాయి. ఒకటి, ఆ పూట నొప్పి తగ్గించడం. రెండోది, తెల్లారాక కూర్చుని గోధుమ ఏ సందులోంచి దూరిందో పట్టుకోవడం. మొదటిది అరగంట, గంట పని. రెండోదానికే ఓపిక కావాలి. కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు, ఇది గ్యాసేనా?

గ్యాస్ నొప్పి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. త్రేన్పు వచ్చినా, కింద నుంచి గాలి పోయినా, దొడ్డికి వెళ్లినా పిల్ల కొంచెం తేరుకుంటుంది. నొప్పి లేని మధ్యలో పొట్ట మెత్తగా ఉంటుంది. బొమ్మ ఇస్తే పట్టుకుంటుంది, ఫోన్ చూపిస్తే చూస్తుంది. ఈ మధ్య సమయాన్నే బాగా గమనించండి. ఎందుకంటే పేగులో పేగు దూరినప్పుడు కూడా నొప్పి ఇలాగే పది ఇరవై నిమిషాలకోసారి వచ్చిపోతుంది. కానీ మధ్యలో పిల్ల ఆడుకోదు, వాడిన తోటకూర కాడలా వాలిపోతుంది. రెండేండ్లలోపు పిల్లల్లో ఇది ఎక్కువ. దొడ్డిలో ఎర్రటి జిగురు కనపడితే ఇంకేం ఆలోచించొద్దు, వెంటనే దవాఖానకు.

ఆకుపచ్చగా వాంతి కావడం, పొట్ట చెక్కలా గట్టిపడి ముట్టుకోనివ్వకపోవడం, నొప్పి కుడివైపు కింద ఒకేచోట నిలిచిపోవడం, నొప్పితోపాటు జ్వరం, గజ్జల్లో కానీ మగపిల్లాడికి బుడ్డల దగ్గర కానీ వాపు, ఆరేడు గంటలుగా ఒంటికి పోయకపోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకున్నా రెండు గంటలు ఊరుకోకుండా ఏడిస్తే దవాఖానకు తీసుకెళ్లాల్సిందే. తిన్న కొద్దిసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఎగబీల్చడం ఉంటే అది గ్యాస్ కాదు, అలర్జీ. అక్కడ నిమిషాల లెక్క.

ఆ పూటకు ఏం చేయాలి

మొదట నడుము చుట్టూ ఉన్నవి వదులు చేయండి. చెడ్డీ ఎలాస్టిక్ అందరికీ గుర్తొస్తుంది, మొలతాడు గుర్తురాదు. పొద్దున వదులుగా ఉన్న మొలతాడు, పొట్ట ఉబ్బిన రాత్రి చర్మంలో గీత పడేంత బిగుసుకుంటుంది. ముడి విప్పడం రాకపోతే కత్తెరతో కత్తిరించండి. తెల్లారి కొత్తది కట్టుకోవచ్చు.

తర్వాత పిల్లను ఎత్తుకొని, తల మీ భుజం మీద పెట్టుకొని నాలుగు అడుగులు నడవండి. పైన ఉన్న గాలి త్రేన్పుగా పోవాలంటే నిటారుగా ఉండాలి. నొప్పి అని పడుకోబెట్టి జోకొట్టడంతో ఆ గాలి అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు వెచ్చదనం. పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి, నీళ్లు కాగుతున్న గిన్నె మూత మీద కాసేపు ఉంచండి. మీ ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకోండి. హాయిగా ఉంటేనే పిల్ల పొట్ట మీద వేయండి. తమలపాకుకు ఆముదం రాసి దీపం మీద చూపించి పొట్టకు వేసే అలవాటు మన దగ్గర ఉంది. వేయొచ్చు, తప్పు లేదు. పెద్దల చేతికి గోరువెచ్చగా అనిపించే ఆకు మూడేండ్ల పొట్టకు చురుక్కుమంటుంది, అది గుర్తుంటే చాలు.

పొట్ట రాయడంలో ఒక పద్ధతి ఉంది. పెద్దపేగు పిల్ల కుడి గజ్జ దగ్గర మొదలై పైకెక్కుతుంది. పక్కటెముకల కింద అడ్డంగా సాగి, ఎడమవైపు కిందికి దిగుతుంది. గాలి పోయే దారి అదే. ట్రాఫిక్ ఆగినప్పుడు ముందున్న బండి కదలనిదే వెనక బండి కదలదు కదా. అందుకే మొదట ఎడమవైపు నుంచే మొదలుపెట్టాలి. కొబ్బరినూనె రెండు చుక్కలు అరచేతిలో రుద్దుకొని, పిల్లకు ఎదురుగా కూర్చోండి. పిల్ల ఎడమ పక్కటెముకల కింది నుంచి ఎడమ గజ్జ దాకా కిందికి పది సార్లు రాయండి. తర్వాత బొడ్డు పైనుంచి కుడి నుంచి ఎడమకు అడ్డంగా, అక్కడి నుంచి కిందికి పది సార్లు. చివర కుడి గజ్జ నుంచి పైకి, అడ్డంగా, కిందికి మొత్తం చుట్టు. మీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు ఉండాలి. వేళ్ల కొనలతో పొడవొద్దు, వేళ్లన్నీ చాపి అరచేత్తో, రొట్టె మీద నీళ్ల తడి రాసేంత బరువుతో చాలు. పిల్ల పొట్ట బిగబడితే ఆపేసి, వదిలాక మళ్లీ మొదలుపెట్టండి. కడుపు నిండా తిన్న అరగంటలోపు మాత్రం ఇది చేయొద్దు, కక్కుతుంది.

ఆ తర్వాత రెండు మోకాళ్లూ మెల్లగా పొట్టకు ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఐదారు సార్లు. సైకిల్ తొక్కినట్టు కాళ్లు తిప్పండి. మా పిల్లకు ఇదే పనిచేసేది. మూడోసారి మోకాళ్లు ఆనించేసరికి పెద్ద శబ్దం, వెంటనే నవ్వు. కొందరికి మీ తొడల మీద బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరితే పోతుంది. ఎవరికి ఏది కుదురుతుందో రెండుమూడు రాత్రుల్లో మీకే తెలుస్తుంది.

దొడ్డికి ఎప్పుడు వెళ్లిందో గుర్తు చేసుకోండి. రెండు రోజులైతే సగం కారణం అదే. ఏం రాసినా, ఏం తాగించినా పేగు చివర మూత పడి ఉంటే గాలి ఎటు పోతుంది? కూర్చునే కమోడ్ అయితే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయండి. మోకాళ్లు నడుము కంటే పైకి రావాలి. రెండు పూటలా అన్నం తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టడం అలవాటు చేయండి. గట్టిగా, మేక పెంటికల్లా వస్తుంటే డాక్టరుకు చెప్పి మందు రాయించుకోవాలి. అరటిపండు పెడితే పోతుందిలే అని నెలలు గడపొద్దు.

తాగడానికి గోరువెచ్చని నీళ్లు చెంచాలతో. ఏడాది దాటిన పిల్లకు జీలకర్ర నీళ్లు ఇవ్వొచ్చు: గ్లాసు నీళ్లలో పావు చెంచా జీలకర్ర వేసి మరిగించి, వడగట్టి, చల్లారాక రెండు మూడు చెంచాలు. వాము కూడా అంతే. వాము ఘాటు, కాబట్టి ఇంకా తక్కువ. కొందరికి ఇవి తాగాక హాయిగా ఉంటుంది, కొందరికి ఏమీ కాదు. మా పిల్ల రెండోరకం. గ్యాస్ చుక్కల మందుల్లో ఎక్కువగా ఉండేది సిమెథికోన్. అది చిన్న బుడగలను కలిపి పెద్దవి చేస్తుంది, దాంతో బయటికి పోవడం సులువు. రక్తంలోకి వెళ్లదు. ఎన్ని చుక్కలన్నది మీ డాక్టరు పిల్ల బరువు చూసి చెప్పాలి. మందుల షాపులో అడిగేటప్పుడు, పిల్లకు గోధుమ పడదు, ఇందులో గోధుమ స్టార్చి ఉందా అని కూడా అడగండి. వింతగా చూస్తారు. చూడనివ్వండి.

వద్దనేవి కూడా చెప్పాలి. వసకొమ్ము అరగదీసి నాకించొద్దు. దానివల్ల వాంతులు, మత్తు వస్తాయి. ఆముదం తాగించొద్దు. పెద్దవాళ్ల గ్యాస్ గోలీ అరముక్క విరిచి వేయొద్దు. నీళ్లలో పొంగే సోడా పొడి వద్దు. ఏడాదిలోపు పిల్లకు తేనె వద్దు. అక్కడక్కడ కడుపు మీద వాత పెట్టించమనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా ఒప్పుకోవద్దు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయల్లో గోధుమ లేదు. పొగ మాత్రం పిల్ల మొహానికి రాకుండా బయట వేయమనండి.

తెల్లారాక: గోధుమ ఎక్కడ దూరింది

ఒక నోటుబుక్కు పెట్టండి. పిల్ల ఏం తిన్నది, ఎన్నింటికి, పొట్ట ఎలా ఉంది, దొడ్డి ఎలా అయింది. ఇంతే. గోధుమ తిన్న కొన్ని గంటల్లోనే ఉబ్బరం రావొచ్చు, ఒకటి రెండు రోజులకూ రావొచ్చు. అందుకే రాత్రి తిన్నదాన్ని మాత్రమే తిట్టుకుంటే దొరకదు, వెనక్కి రెండు రోజులు చూడాలి.

గోధుమ అంటే చపాతీ ఒక్కటే కాదు. ఉప్మా రవ్వ, సేమియా, మైదా, బ్రెడ్డు, రస్కు, సమోసా, భక్ష్యాలు ఎలాగూ తెలుసు. తెలియనివి ఇవి. పాలల్లో కలిపే బలం పొడుల్లో మాల్ట్ ఉంటుంది. మాల్ట్ అంటే చాలావరకు బార్లీ. గోధుమలో ఈ పిల్లలకు పడని మాంసకృత్తిని గ్లూటెన్ అంటారు, అది బార్లీలోనూ ఉంది. వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగిస్తారు, అదీ పనికిరాదు. కొన్న పచ్చడి, అప్పడం, సాంబారు పొడి: ఇంగువ. హోటల్లో దోశ కరకరలాడాలని పిండిలో మైదానో రవ్వో కలుపుతారు. ఓట్స్‌లో సొంతంగా ఈ గ్లూటెన్ లేకపోయినా గోధుమతో కలిసి వస్తాయి. ప్యాకెట్ మీద వీట్, ఆటా, మైదా, సూజీ, సెమోలినా, బార్లీ, మాల్ట్ అన్న మాటల్లో ఏది కనిపించినా కింద పెట్టేయండి.

ఇంకొకటి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా పిల్లలకు ఇస్తారు. మంచి ఆహారం, నేనేం కాదనను. కానీ అందులో మొదటి సరుకు వేయించిన గోధుమ. గోధుమ పడని పిల్ల బరువు పెరగడం లేదని ఇంకో ప్యాకెట్ ఎక్కువ పెడితే ఏమవుతుందో ఆలోచించండి. టీచరుకు డాక్టరు చీటీ చూపించి, బాలామృతం బదులు గుడ్డు, అన్నం పప్పు పెట్టమని అడగండి.

మన జిల్లాల్లో గోధుమ ఇంత ఎక్కువ ఎప్పుడైంది? మా తల్లిగారిల్లు జడ్చర్ల దగ్గర, అక్కడ పొద్దున జొన్నరొట్టె, లేదంటే గటక. అత్తగారిల్లు మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద, ఎటు చూసినా వరి, రైసుమిల్లులు. రెండిళ్లలోనూ గోధుమ పండగ పిండి. ఇప్పుడు ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే రాత్రికి అందరికీ చపాతీ. పిండి డబ్బా అలా వంటింట్లో కాపురం పెట్టింది. ఆ డబ్బా ఉన్నంతకాలం ఇంట్లో గాలి, గరిటె, పెనం అన్నింటికీ పిండి అంటుతుంది.

గిర్నీ

మాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది ఇదే. ఇంగువ మానేశాక కూడా పదిహేను రోజులకోసారి పొట్ట ఉబ్బేది. నోటుబుక్కులో చూస్తే, కొత్త జొన్నపిండి పట్టించిన మరుసటి రోజుల్లోనే ఎక్కువ. జొన్నలో గ్లూటెన్ లేదు. మరెక్కడిది?

గిర్నీకి వెళ్లి నిలబడి చూశాను. నా ముందు ఒకాయన పది కిలోల గోధుమలు పోశాడు. పిండి గుడ్డ గొట్టంలోంచి డబ్బాలో పడింది. గిర్నీ ఆయన కర్రతో ఆ గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి నా జొన్నలు పోశాడు. మొదట పడ్డ దోసెడు పిండి రంగే వేరు, గోధుమ రంగు. తర్వాత తర్వాత తెల్లబడింది. రాళ్ల మధ్య, గొట్టం మడతల్లో ఉన్నదంతా నా డబ్బాలోకే వచ్చింది. గిర్నీ ఆయన తప్పేం లేదు, అందరికీ అలాగే పడతాడు.

ఏం చేయాలంటే, వీలైతే గిర్నీ జోలికే పోవద్దు. జొన్నలు కడిగి ఎండబెట్టి మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లించండి. కొంచెం బరకగా ఉంటుంది, రొట్టెకు చేయి తిరగాలి, గటకకు అయితే బరకే బాగుంటుంది. ఇంట్లో అటక మీద ఇసుర్రాయి ఉంటే దింపండి. గిర్నీ తప్పకపోతే, గోధుమ పట్టని గిర్నీ దొరుకుతుందా చూడండి. అదీ లేకపోతే పొద్దున దుకాణం తెరవగానే వెళ్లి, గొట్టం దులిపించి, ముందు మీవే రెండు కిలోల బియ్యం పట్టించి ఆ పిండిని పెద్దవాళ్ల అట్లకు పక్కన పెట్టండి. ఆ తర్వాతే పిల్ల జొన్నలు పోయించండి. ఇలా చేసినా పూర్తిగా పోదు, తగ్గుతుంది అంతే. సీలియాక్, అంటే గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు, అని పరీక్షల్లో తేలిన పిల్ల అయితే మిక్సీయే మేలు.

జొన్నలు, కొర్రలు కిరాణంలో విడిగా కొంటే చాటలో పోసి చెరగండి. గోధుమ గింజలు రెండో నాలుగో కచ్చితంగా కనిపిస్తాయి. ఒకే గరిటెతో అన్ని బస్తాల్లోంచి తీస్తారు మరి. ప్యాకెట్ పిండి కొంటే గ్లూటెన్ ఫ్రీ అని ఉందా చూడండి. కిలోలో 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉంటేనే అలా రాయాలని మన ఆహార భద్రతా సంస్థ నియమం. సాయంత్రాలు రోడ్డు పక్కన వేడివేడిగా అమ్మే జొన్నరొట్టెలున్నాయే, విరగకుండా ఉండాలని గోధుమ పిండి కలిపేవాళ్లు ఉన్నారు. అడగండి, నిజమే చెప్తారు.

ఇంట్లో మూడు వస్తువులు పిల్లకు వేరుగా ఉండాలి: జల్లెడ, రొట్టెల పీట, చెక్క గరిటె. వీటిని ఎంత కడిగినా పిండి పోదు. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. పూరీలు కాల్చిన నూనెలో పిల్లకు అప్పడం వేయించొద్దు. నెయ్యి డబ్బాలో చపాతీకి రాసిన చెంచా పెట్టొద్దు.

అన్నీ సరిగ్గా ఉన్నా గ్యాస్ వస్తే

ప్రతి త్రేన్పుకూ గోధుమనే అనుమానిస్తే పిచ్చెక్కుతుంది. ఇంకో మూడు కారణాలు చూడండి.

పాలు. సీలియాక్ జబ్బులో గ్లూటెన్ వల్ల ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తువ్వాలు మీది నూలు పోగుల్లా ఉండాల్సిన పొర అరిగి చదునవుతుంది. పాలలోని చక్కెరను అరిగించే రసం ఆ పోగుల కొసల్లోనే తయారవుతుంది. పోగులు పోతే పాలు అరగవు, పెద్దపేగులో పులిసి గాలవుతాయి. గోధుమ మానేశాక పొర మళ్లీ పెరుగుతుంది, కొన్ని వారాలూ నెలలూ పడుతుంది. అందాకా పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ పెట్టి చూడండి. పూర్తిగా ఆపాలా, ఎన్నాళ్లు అన్నది డాక్టరుతో మాట్లాడండి. జీవితాంతం పాలు మానాల్సిన పని చాలామందికి ఉండదు.

రెండోది, అతి ఉత్సాహం. గోధుమ మానగానే రెండు పూటలా జొన్నరొట్టె, మధ్యలో కొర్రల ఉప్మా, రాగి లడ్డు, సాయంత్రం శనగల గుడాలు. ఆరోగ్యమే. కానీ పసిపిల్ల పేగుకు ఒక్కసారిగా ఇంత పీచు పడితే గాలి రాక ఏం వస్తుంది? నొప్పి వచ్చిన రెండు రోజులు మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, గంజి, మగ్గిన అరటిపండు. తర్వాత జొన్న అంబలి, ఆ తర్వాత రొట్టె తునక పప్పులో నానబెట్టి. శనగలు, బొబ్బర్లు, క్యాబేజీ, గోబీ కొన్నాళ్లు ఆగొచ్చు. పప్పులు రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. ప్యాకెట్ పండ్ల రసాలు కూడా గ్యాసే.

మూడోది, నులిపురుగులు, జియార్డియా అనే కంటికి కనపడని పేగు క్రిమి లాంటివి. తరచూ నీళ్ల విరేచనాలు, కంపు కొట్టే గాలి ఉంటే దొడ్డి పరీక్ష చేయించండి.

పొరపాటున గోధుమ తినేస్తే దాన్ని విరిచే మందు, రసం, ఆకు ఏదీ లేదు. కక్కించొద్దు. పస్తు పెట్టొద్దు. నీళ్లు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్, మెత్తటి అన్నం, నిద్ర. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

పరీక్ష చేయించని వాళ్లకు ఒక మాట

పిల్లకు గోధుమ పడదని మీకు మీరే అనుకుంటున్నారా? అయితే పరీక్ష కాకముందు గోధుమ మానిపించకండి. మానేస్తే రక్తపరీక్షలో జబ్బు దాక్కుంటుంది. టీటీజీ అనే రక్తపరీక్ష ముందు, అవసరమైతే గొట్టం వేసి పేగు ముక్క తీసి చూస్తారు. ఈ జబ్బు గోధుమ తినే ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. కాబట్టి గుర్తుకు రావడం ఆలస్యం అవుతుంది. మమ్మల్ని ఒకచోట ఏడాది పాటు నులిపురుగుల మందుతోనే తిప్పారు. పిల్ల ఎత్తు, బరువు ఆగిపోయి, పొట్ట ముందుకొచ్చి, రక్తం తక్కువగా ఉంటే మీరే అడగండి. జిల్లా కేంద్రంలోని మెడికల్ కాలేజీ దవాఖానలో పిల్లల విభాగం ఉంటుంది, అక్కడ కుదరకపోతే హైదరాబాద్ నీలోఫర్‌కు రాసిస్తారు. సీలియాక్ అని తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మీ ఇద్దరికి కూడా పరీక్ష చేయించాలి.

చుట్టాలు, పెళ్లిళ్లు, పండగలు

"ఒక్క బిస్కెట్‌తో ఏమైతదమ్మా?" ఈ మాట వందసార్లు వింటారు. నేను మొదట్లో పేగు, పొర అని చెప్పేదాన్ని, ఎవరూ వినేవాళ్లు కాదు. తర్వాత ఓ యుద్ధం కథ చెప్పడం మొదలుపెట్టాను. 1944-45 చలికాలంలో హాలండ్‌లో రొట్టె దొరకని కరువొచ్చింది. ఊరంతా ఎండిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు, రొట్టె మళ్లీ రాగానే మంచం పట్టారు. అప్పటికే గోధుమ మీద అనుమానమున్న విల్లెం డికె అనే పిల్లల డాక్టరుకు అది బలమైన ఆధారమైంది. కథ విన్నాక మా మామయ్య చేతిలో బిస్కెట్ జేబులోకి పోయింది.

పెళ్లికి వెళ్తే పిల్ల డబ్బా వెంట ఉండాలి. అన్నం, పెరుగు అక్కడివి తినొచ్చు, గరిటె పూరీల గంప మీద పెట్టలేదని చూసుకొని. పెద్దగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో మిర్చి బజ్జీల మూకుడు దగ్గర ఏడిస్తే వేయించిన పల్లీలు, మరమరాలు, బత్తాయి. అదే నూనెలో మైదా తేలుతుంటుంది కాబట్టి బజ్జీ వద్దు. సకినాలు, సర్వపిండి మనవే, బియ్యప్పిండి శుభ్రంగా ఉంటే ఢోకా లేదు. బతుకమ్మకు మలీద గోధుమ రొట్టెతో కాకుండా సజ్జరొట్టెతో చేసి చూడండి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కడితే పోటీ పడి తింటారు. సద్దులైతే పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, అన్నీ బియ్యమే. పోపులో ఇంగువ వేయొద్దని మాత్రం ముందే చెప్పి పెట్టండి.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, పిల్ల తింటున్న ప్రతి ప్యాకెట్ కవరు ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఎత్తు, బరువు రాయించుకోండి. టీటీజీ ఆరు నెలలకు మళ్లీ చేస్తారు. అంకె దిగకపోతే గోధుమ ఇంకా ఎక్కడో దూరుతోందని. అప్పుడు మళ్లీ గిర్నీ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.